తిరగని చుక్కలు

మా నాన్న ఎడమ కన్ను పోయింది ఖిదిర్‌పూర్ రేవులో. దెబ్బ తగిలి కాదు. క్రేన్ మీద కూర్చుని ఓడ కడుపులోంచి గోతాలు పైకి తీస్తుండగా ఆయన కంటి ముందు నల్ల ఈగలు ముసిరాయట. పక్కనే బొగ్గు ఓడ నిలిచి ఉంది కనుక నలుసులు పడ్డాయనుకుని నీళ్ళతో కడుక్కున్నారు. మర్నాడూ కడుక్కున్నారు. తరవాత అలవాటు పడ్డారు. కొన్ని వారాలకి ఒక పగటిపూట ఆ కంటికి పక్కనుంచి తెర లాంటిది రావడం మొదలై, షిఫ్టు దిగేసరికి సగం చూపును మూసేసింది. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయిందన్నారు. ఒంటికంటి మనిషిని క్రేన్ ఎక్కనివ్వరు. ఆయన్ని గోదాము గేటు దగ్గర కాపలాకి మార్చారు.

అప్పటికి నేను బడిపిల్లని. ఏక్‌బాల్‌పూర్‌లో మేమున్న వాటా పై అంతస్తులో ఉండేది. మెట్ల మీద పట్టపగలు కూడా చీకటే. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున నాన్న, కంటికి కట్టుతో, గోడ తడుముకుంటూ ఆ మెట్లెక్కడం పైనుంచి చూశాను. ఒక్క గోతం జారకుండా ఓడలోంచి ఒడ్డుకు దింపే మనిషి, తన కాలికింద మెట్టు ఎంత లోతులో ఉందో తెలియక కాలిని గాలిలో వెతుకులాడించడం చూసి నేను లోపలికి పారిపోయాను.

నాకప్పటికే సోడాబుడ్డి కళ్ళద్దాలు. డాక్టరు నాన్నతో, "మీ పిల్లల్లో ఎవరికైనా ఎక్కువ పవరు అద్దాలుంటే జాగ్రత్త," అన్నాడట. ఏం జాగ్రత్త పడాలో ఆయన చెప్పలేదు, అమ్మానాన్నా అడగలేదు. దాంతో అమ్మకి తోచిన జాగ్రత్త ఒకటే. వారానికోసారి నన్ను నిలబెట్టి, ఒక కన్ను తన అరచేత్తో మూసి, చెవి పక్కనుంచి చూపుడువేలు మెల్లగా ముందుకు తెచ్చేది.

"నా ఏలు కనబడతందా?"

"కనబడతంది."

"బాగా సూసి సెప్పే. ఇప్పుడో?"

ఎప్పుడూ కనబడేదే అయినా, ప్రతిసారీ ఆ వేలు వచ్చేదాకా నాకు ఊపిరాడేది కాదు. ఆ పరీక్ష నేను ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు కూడా సాగుతూనే ఉంది. నేనేం చదువుతున్నానో అమ్మకి సరిగ్గా తెలీదు. రాళ్ళ గురించి అని మాత్రం తెలుసు. రాళ్ళు పెద్దవిగా ఉంటాయి కనుక కళ్ళకి శ్రమ ఉండదని ఆవిడ ధైర్యం.

రాళ్ళను మేము చూసేది మైక్రోస్కోపులో అని ఇంట్లో నేను చెప్పలేదు.

రాయిని బిళ్ళలా కోసి, గాజుపలక మీద అతికించి, వెంట్రుక కన్నా పలచగా అరగదీస్తారు. అంత పలచనైతే ఎంత నల్లరాయి గుండానైనా వెలుతురు పోతుంది. ఆ పలకనే స్లైడు అంటాం. దాన్ని మైక్రోస్కోపు కింద గుండ్రటి బల్ల మీద పెట్టి, బల్లను చేత్తో తిప్పుతూ చూడాలి. మా డిపార్ట్‌మెంటులో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో ఎవరూ చెప్పలేని రోజులవి. అందుకని విద్యార్థులకిచ్చే మైక్రోస్కోపులకి దీపం బదులు కింద ఒక చిన్న అద్దం ఉండేది. కిటికీ దగ్గర కూర్చుని ఆ అద్దంతో ఆకాశపు వెలుతురు పట్టి పైకి పంపేవాళ్ళం. మబ్బు పడితే పని ఆగేది.

ఆఖరి ఏడాది ఒక్కొక్కరికీ ఒక్కో ప్రాంతపు రాళ్ళిచ్చి పరిశీలించి రాయమన్నారు. నాకు పశ్చిమాన ఎడారి నుంచి తెచ్చిన సున్నపురాయి వచ్చింది. రాకాసి బల్లులు తిరిగిన కాలంలో అక్కడ వెచ్చటి సముద్రం ఉండేది. దాని అడుగున పేరుకున్న బురద, గుల్లల పొడి గట్టిపడి ఆ రాయి అయింది. నాకు పని చెప్పిన ఆవిడ మా డిపార్ట్‌మెంటులో ఒకే ఒక్క మహిళా అధ్యాపకురాలు. అందరూ దీదీ అనేవారు. అక్కా అనడమే గానీ ఆ పిలుపులో చనువు ఏమాత్రం ఉండేది కాదు. తెల్ల నేతచీర, కొంగుకు సుద్దపొడి, చెవి దగ్గర నెరిసిన జుట్టు. విద్యార్థి వేసిన బొమ్మ తప్పయితే ఏమీ అనేది కాదు, దాన్ని బల్ల మీద బోర్లించి వెళ్ళిపోయేది. ఆ బోర్లించడానికి అందరం వణికేవాళ్ళం.

దసరాకిచ్చే పూజా సెలవులు ముగిసిన కొత్తలో ఒక ఉదయం కొత్త స్లైడు పెట్టి చూస్తున్నాను. లేత గోధుమరంగులో గుండ్రటి రేణువులు, వాటి మధ్య తెల్లని స్ఫటికం. మామూలే. ఇంకా పెద్దగా చూపించే కటకానికి మార్చాను. ఒక రేణువు చూపు నిండా పరుచుకుంది. దాని మీద నల్లటి చుక్కలు.

ఒకటో రెండో కాదు, గుంపు. ఈగలు ముసిరినట్టు.

కన్ను వెనక్కి తీసుకున్నాను. కటకం మీద దుమ్మేమో అని తుడిచాను. మళ్ళీ చూశాను. ఉన్నాయి. తలెత్తి ఎదుటి సున్నపు గోడ కేసి చూశాను. గోడ మీద కూడా, మసిబారిన దారప్పోగులాంటిదొకటి, దాని వెంట నాలుగైదు చుక్కలు మెల్లగా కిందికి జారుతున్నాయి.

మా నాన్న నోట ఎన్నోసార్లు విన్న మాట, నల్ల ఈగలు, చెవిలో ఎవరో అన్నట్టే వినిపించింది.

అవి రాతిలో ఉన్నాయో నా కంట్లో ఉన్నాయో తేల్చుకోవడం ఎంతో తేలిక. బల్లను కొంచెం తిప్పితే చాలు. రాతిలోవైతే రాయితో పాటు తిరుగుతాయి. కంటిలోవైతే తిరగవు. మొదటి ఏడాది పిల్లలకి కూడా తెలిసే సంగతే. రోజూ ఆలోచన లేకుండా ఎన్నిసార్లో తిప్పే ఆ బల్ల అంచు మీద వేళ్ళు పెట్టాను. తిప్పలేకపోయాను. తిరగకపోతే ఏం చెయ్యాలి? తిప్పనంత సేపూ అవి రాతివే కావచ్చు. ఆ స్లైడు తీసి పెట్టెలో అన్నిటికన్నా వెనక పెట్టేసి, గుల్లలున్న ఇంకో స్లైడు ముందేసుకుని కూర్చున్నాను. ఆ పూట ఒక్క బొమ్మా పూర్తికాలేదు.

ఆనాటి నుంచి నాకు భయం తప్ప వేరే పని లేకపోయింది. ట్రాములో కూర్చుంటే కిటికీ అవతలి ఆకాశం వైపు చూడకూడదనుకునేదాన్ని, చూసేదాన్ని. పోగు ఉండేది. కుడికంటి కొసన ఒక్కోసారి తళుక్కుమని మెరిసేది. పైన తీగల్లోంచి రవ్వలు రాలడం ట్రాము ఎక్కేవాళ్ళందరికీ తెలిసిందే కనుక దాన్ని పట్టించుకోలేదు. ఇంట్లో మాత్రం జాగ్రత్తగా ఉండేదాన్ని. నలిపితే అమ్మ చూస్తుందని కన్ను నలిపేదాన్ని కాదు. వారం పరీక్షలో అమ్మ వేలు కనిపించింది. ఎంత భయపడ్డానో, కనిపించాక కూడా నోట మాట రాలేదు.

"ఏటే, సెప్పవేటి?"

"కనబడతంది. కనబడతందమ్మా."

"మరి అలగ వొణుకుతన్నావేటి?"

"సలేస్తంది."

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు అమ్మ ఏడుస్తుంది. తరవాత పుస్తకాలన్నీ అటక ఎక్కుతాయి. నాన్న ఏమీ అనరు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి కూర్చుంది. నాన్న మెట్ల దగ్గర బీడీ వెలిగించుకుని కూర్చున్నారు. చీకట్లో నా మొహం కనిపించదన్న ధైర్యంతో పక్కన కూర్చుని అడిగాను.

"నాన్నా, నీ కన్ను పోయినప్పుడు మొదట ఏటి కనిపించినాది?"

"ఇప్పుడెందుకే అది?"

"ఊరికినే."

ఆయన బీడీ నుసి రాల్చారు. "ఈగలనీసి సెప్పినాను కదా. ఈగలంటే ఎగిరీవి కాదు. నానెటు సూస్తే అటొచ్చీవి. సూపు ఆపితే, అవి ఇంకాస్త జారి ఆగీవి. నీల్లల్లో మసి ఎలగుంతాదో అలగ."

నా గోడ మీద పోగు సరిగ్గా అలాగే జారింది.

"నొప్పి ఉండీదా?"

"నొప్పుంటే ఎల్లకపోదునా డాక్టర్‌బాబు కాడికి? అదే కదా. నొప్పి నేదు, ఏటీ నేదు. మెరుపులొచ్చీవి. వెల్డింగు సేస్తన్నారేమో అనుకునీవోడిని."

ట్రాము తీగలు గుర్తుకొచ్చాయి. లేచి పైకి వచ్చేశాను. ఆ చీకటి మెట్ల మీద, ట్రాములూ తీగలూ ఏమీ లేని చోట, నా కంటి కొసన మళ్ళీ తళుక్కుమంది.

తెల్లారి వెళ్ళి దీదీకో, ఆసుపత్రిలోనో చెప్పాలనే అనుకున్నాను. వెళ్ళి కిటికీ దగ్గర నా చోట్లో కూర్చున్నాను. భయం మనిషిని పరిగెత్తిస్తుందంటారు గానీ నన్ను మాత్రం కుర్చీకి కట్టేసింది.

ఆ వారంలోనే దీదీ మా బల్లల దగ్గరికి వచ్చింది. నా బొమ్మలు ఒక్కొక్కటీ చూసింది. బోర్లించలేదు. పెట్టెలోని స్లైడ్లకీ నా బొమ్మలకీ లెక్క చూసుకుంది.

"చివర ఉన్నది వేయలేదేం?" బంగ్లాలో అడిగింది.

"అందులో ఏమీ లేదు, దీదీ."

"ఏమీ లేని రాయి ఎక్కడుంటుంది? తియ్యి."

స్లైడు పెట్టి, అద్దం సరిచేసి పక్కకి జరిగాను. ఆవిడ కుర్చీలో కూర్చుని కన్ను ఆనించింది. నేను వెనక నిలబడి ఆవిడ వీపు చూస్తున్నాను. ఇప్పుడు కటకం మారుస్తుంది. ఇప్పుడు ఆ రేణువు చూస్తుంది. మామూలు రేణువే కదా అని లేస్తుంది. అంటే ఆ చుక్కలు నావే అన్నమాట. అది వినడానికి సిద్ధపడుతూ పక్కనున్న రాతబల్ల అంచు పట్టుకున్నాను.

ఆవిడ లేవలేదు. చాలాసేపు అలాగే ఉండిపోయింది. తరవాత ఆవిడ చెయ్యి గుండ్రటి బల్లను నెమ్మదిగా తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఎకీ!" అంది. ఇదేమిటి అని. అటు తిరగకుండానే, "ఈ చుక్కలు నువ్వు చూడలేదా?" అంది.

"చుక్కలు... మీకూ కనిపిస్తున్నాయా?"

ఆ ప్రశ్న ఆవిడకి వింతగా అనిపించి ఉండాలి, వెనక్కి తిరిగి చూసింది. నేను అప్పటికే పక్క స్టూలు మీద కూలబడి ఉన్నాను. కళ్ళద్దాలు తీసి కొంగుతో మొహం తుడుచుకుంటున్నాను.

"ఏడుస్తావెందుకు? రా, చూడు. రెండు సగాలూ చూడు. కుడిపక్క చుక్కలు ఎలా ఉన్నాయో ఎడమపక్క అలాగే, అద్దంలో చూసినట్టు. దుమ్మయితే ఇలా వరస కడుతుందా? నాచు అయితే ఇలా ఉంటుందా? ఇది ఏదో జీవి పేగులోంచి వచ్చింది." ఆవిడ నవ్వడం మొదటిసారి విన్నాను. "ఇది మలం, తెలుసా? పీతో, బొరియల్లో ఉండే రొయ్యో, ఆ జాతిది. వాటి పొట్ట చివర వేళ్ళలాంటి సన్నని భాగాలుంటాయి. మలం వాటి మధ్యనుంచి బయటికొస్తుంది కనుక లోపల నిలువునా కన్నాలు మిగిలిపోతాయి. ఈ కన్నాల్లో తరవాత ఇనుము పేరుకుని నల్లబడింది. అడ్డంగా తెగిన ముక్కలో చుక్కల్లా కనిపిస్తున్నాయి. నిలువుగా తెగినదానిలో గీతల్లా ఉండాలి. వెతుకు. గీతలు దొరికితే ఇక సందేహం లేదు."

లేచి కన్ను ఆనించాను. ఈసారి వేళ్ళు వాటంతటవే కదిలాయి. బల్లను తిప్పాను. రేణువు తిరిగింది. దానితో పాటు చుక్కలన్నీ, వరస చెడకుండా, నమ్మకంగా తిరిగాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కోటానుకోట్ల ఏళ్ళ కిందట ఏదో ప్రాణి సముద్రపు బురదలో వదిలేసిన మలం చూసి ఒక మనిషి దేవుడికి దణ్ణం పెట్టుకోవడం అదే మొదలేమో. గీతల కోసం స్లైడుని పక్కకి జరిపాను. ఒక మూల కోలగా ఒక రేణువు, దాని నిడివి పొడుగునా సన్నని నల్ల గీతలు.

"గీతలున్నాయి, దీదీ!"

"బల్ల తిప్పి చూడు. ఎన్నున్నాయో..."

తిప్పాను. గీతలు తిరిగాయి. కానీ వాటి మీదుగా ఒక పోగు, దాని చుట్టూ నలుసుల గుంపు, ఉన్నచోటే ఉండిపోయాయి. బల్లను పూర్తిగా ఒక చుట్టు తిప్పాను. రాయి అంతా వాటి కిందనుంచి తిరిగి వచ్చింది. అవి తిరగలేదు.

"దీదీ, ఇవి తిరగడం లేదు."

"ఏవి?"

"ఈగలు."

ఆ మాట నేను తెలుగులో అన్నానట. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ బంగ్లాలో చెప్పాను. ఆవిడ మొదట, "మైక్రోస్కోపులో ఒకటో రెండో నలకలు అందరికీ కనిపిస్తాయి, నాకూ ఉన్నాయి," అని కొట్టిపారేసింది. నా మొహం చూసి ఆగింది.

"కొత్తగా వచ్చాయా?"

"పూజల తరవాత."

"పెరుగుతున్నాయా?"

తలూపాను.

"మెరుపులు?"

ట్రాము తీగల సంగతీ, చీకటి మెట్ల సంగతీ చెప్పాను. నాన్న సంగతి చెప్పాను. ఆవిడ అంతా విని, మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి, తన సంచీ భుజాన వేసుకుంది.

"లే. ఇప్పుడే వెళ్తున్నాం."

కంటి ఆసుపత్రి అంత దూరమేమీ కాదు. కానీ ఆ రోజు పెద్ద ఊరేగింపు ఉంది. ట్రాములన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఉన్నాయి. రోడ్డు నిండా ఎర్రజెండాలు, నినాదాలు, పక్క జిల్లాల నుంచి లారీల్లో వచ్చిన జనం. టాక్సీవాడు ఇంతకన్నా కదలదన్నాడు. దిగి నడిచాం. దీదీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పరిగెత్తకు. తల కుదపకుండా నడు."

ఎందుకని అడగలేదు. అడిగితే చెబుతుందని భయం. గుంపులో ఎవరి భుజమైనా తగిలితే అక్కడికక్కడే తెర దిగుతుందనిపించింది. ప్రతి నాలుగడుగులకీ ఎడమకన్ను మూసి కుడికంటితో చూసుకునేదాన్ని. జెండాలు కనబడుతున్నాయి. జెండా కర్రలు కనబడుతున్నాయి. అంచు దగ్గర ఏదైనా నీడ వచ్చిందా? రాలేదు. మళ్ళీ మూసి చూసేదాన్ని. ఒకచోట నిజంగానే కుడివైపు నల్లగా కమ్మింది. నేను పెద్దగా అరిచాను. పక్కన నడుస్తున్న ఒకావిడ విప్పిన గొడుగు అది. దీదీ నా చెయ్యి మార్చి పట్టుకుంది. ఆవిడ అరచెయ్యి కూడా తడిగా ఉంది.

ఆసుపత్రిలో కంట్లో చుక్కలు వేసి బెంచీ మీద కూర్చోబెట్టారు. కంటిపాప విచ్చుకున్నకొద్దీ లోకమంతా పాలు పోసినట్టు తెల్లబడిపోయింది. తరవాత ఒక డాక్టరు నుదుటికి దీపం కట్టుకుని, చేతిలో కటకం పట్టుకుని వచ్చాడు. పైకి చూడు, కిందికి చూడు, ముక్కు వైపు చూడు అంటూ కంటి మూలలన్నీ వెతికాడు. ఒక మూల ఆగాడు. మళ్ళీ వెనక్కి వచ్చి అక్కడే ఆగాడు. ఆ కాసేపట్లో నేను గుడ్డిదాన్నైపోయి, కర్ర పట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, ఆ తరవాత అమ్మ కూడా లేక, అంతా ఊహించేసుకున్నాను.

"చిరుగుంది," అన్నాడాయన. "కంటి వెనక పొర ఒకచోట చిరిగింది. కానీ ఊడిరాలేదు. చిరుగు చుట్టూ కాంతితో కాల్చి అతికిస్తాం. ఇవాళే. ఇంట్లోవాళ్ళు రావాలి."

దీదీ గోదాముకి ఫోన్ చేసింది. దారులన్నీ మూసి ఉన్నాయి కనుక నాన్న రేవు నుంచి నడిచే వచ్చారు. వరండా చివర ఆయన్ని గుర్తుపట్టింది నడకని బట్టే, నాకప్పుడు మొహాలు కనబడటం లేదు. చొక్కా చెమటతో ఒంటికంటుకుపోయి ఉంది. నా ముందు కూర్చుని ఏమీ అడగకుండా నా కుడికన్ను మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

"ఎప్పుట్నించి?"

"పూజల కాడ్నించి."

"మరందుకేనా నన్నడిగినావు ఆ రోజు?"

తలూపాను. ఆయన మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ, "నా కన్నే నీకొచ్చీసినాది," అన్నారు. అంతకు ముందూ ఆ తరవాతా మా నాన్న ఏడవడం నేను చూడలేదు.

డాక్టరు వచ్చి జరగబోయేది చెబుతుంటే, నాన్నకి ఒకే అనుమానం. "డాక్టర్‌బాబు, మధ్యలో కరెంటు పోతే?"

"ఆసుపత్రికి జనరేటరుంది."

"అదొచ్చీలోగా?"

"వెలుతురు ఆగిపోతుంది, అంతే. మళ్ళీ మొదలుపెడతాం. కంటికేమీ కాదు."

నాన్న తలూపి అడిగారు. "నానూ ఈగలొచ్చిన రోజే వొచ్చుంటే, నాకూ ఇలగే అతికించీవోరా?"

డాక్టరు ఆయన ఎడమకంటి వైపు చూశాడు. "అప్పటికి ఈ యంత్రం మా దగ్గర లేదు," అన్నాడు. అది నిజమో, ఆయన మంచితనమో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెప్పుడూ వాకబు చేయలేదు.

యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. కదలొద్దన్నారు. నా తల వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు. కంటి మీద ఒక కటకం ఆనించారు. ఆకుపచ్చటి వెలుగు పెళ్ళున కొట్టింది. ఇంకోటి. ఇంకోటి. లోపల ఎక్కడో సూదితో గుచ్చినట్టు సన్నగా నొప్పి. ఒక్కో వెలుగు తరవాత అంతా చీకటైపోయేది. ఇదేనేమో, ఇక ఇంతేనేమో అనుకునేలోపు ఇంకో వెలుగు. పైన ఫ్యాను చప్పుడు తగ్గితే చాలు, కరెంటు పోతోందని నా గోళ్ళు కుర్చీ చేతుల్లో దిగబడేవి. పోలేదు. అయిపోయిందని ఎవరో అన్నాక కూడా గడ్డం అక్కడినుంచి తీయలేదు. వాళ్ళే తీశారు.

ఆ తరవాత కొన్ని వారాలు బరువులెత్తకూడదు, వంగకూడదు, చదవకూడదు. అమ్మ నన్ను మంచం దిగనివ్వలేదు. తిట్టలేదు. అది ఇంకా భయంగా ఉండేది. పొద్దున్నే వేలు చూపించేది, మధ్యాహ్నం చూపించేది, దీపం పెట్టేవేళ చూపించేది. ప్రతిసారీ ఇద్దరం ఊపిరి బిగబట్టేవాళ్ళం.

ఒక ఆదివారం దీదీ మా ఇంటికి వచ్చింది. ఆ చీకటి మెట్లు ఎక్కి వచ్చేసరికి ఆయాసపడుతోంది. అమ్మ టీ ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, తనకొచ్చిన బంగ్లాలో అడిగింది, ఇంతకీ ఆ రాయిలో ఏం దొరికిందని. దీదీ చెప్పింది. అమ్మ నమ్మలేక నా వైపు తిరిగింది.

"ఏటీ? పీత పియ్యా?"

"అవునమ్మా."

"దానికోసమేటే కళ్ళు పోగొట్టుకుందువు?"

"అది సూడబట్టే కన్ను నిలబడినాది," అన్నారు నాన్న మంచం పక్కనుంచి. అమ్మ మళ్ళీ దీదీ వైపు చూసి, ఏమనుకుందో, లోపలికి వెళ్ళి పళ్ళెంలో రెండు సందేశ్ మిఠాయిలు పెట్టి తెచ్చింది.

వెళ్ళబోతూ దీదీ గుమ్మంలో ఆగింది. "మీ నాన్నగారి రెండో కన్ను ఎవరైనా చూశారా?" అంది.

నాకు వచ్చిందనే భయంలో ఆ ఆలోచనే మాకెవరికీ రాలేదు. ఉన్నది ఒక్క కన్ను. అది కూడా అదే తల్లిదండ్రుల నుంచి వచ్చిన కన్ను.

"నాకేటీ అవ్వనేదు. బాగానే కనబడతంది," అన్నారు నాన్న.

"ఈగలేవీ నేవా?" అన్నాను.

"ఒకటో రెండో ఉంటాయి. అందరికీ ఉంటాయి." ఆ మాటంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఆసుపత్రికి రమ్మంటే నెలరోజులు ఏదో ఒకటి చెప్పారు. డ్యూటీ ఉందన్నారు. బంద్ అన్నారు. కాపలావాళ్ళ మీద పెత్తనం చేసే సర్దార్ సెలవివ్వలేదన్నారు. ఆయనది బద్ధకం కాదని నాకు తెలుసు. బల్ల తిప్పలేక నేను కూర్చున్నన్ని రోజులూ నాకూ కారణాలకి కొదవలేదు. చివరికి ఒక ఉదయం ఆయన గేటు దగ్గరికే వెళ్ళి, రాకపోతే నేను చదువు మానేస్తానన్నాను. అమ్మ అంటుందని అన్నాళ్ళూ నేను భయపడ్డ మాట నా నోటితోనే అన్నాను. ఆయన తలపాగా సర్దుకుని నా వెంట వచ్చారు.

చుక్కలు వేశాక అదే బెంచీ మీద కూర్చున్నాం. ఉన్న ఒక్క కన్నూ మసకబారేసరికి నాన్న నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. ఆయన వేళ్ళు గరుకుగా, చల్లగా ఉన్నాయి.

"ఏదో ఒకటి మాటాడు," అన్నారు.

నేను పీతల సంగతే ఎత్తుకున్నాను. ఎడారి ఉన్నచోట సముద్రం ఉండేదని, బురదలో బొరియలు చేసుకుని ఆ జీవులు బతికేవని చెప్పాను.

"ఎలగుండీవి?"

"తెల్దు నాన్నా. మా రాయిలో వాటి ఒళ్ళు ఎక్కడా దొరకనేదు. డెక్క కూడా నేదు. ఇదొక్కటే మిగిలినాది."

"మరి ఉన్నాయని ఎలగ తెలిసినాది?"

"పొట్టలోంచి వొచ్చినపుడు పడ్డ కన్నాలు అలగే ఉండిపోనాయి. ఒక్కో జాతికి ఒక్కో వరస."

ఆయన ఇంకేదో అడగబోతుంటే లోపలినుంచి పిలిచారు. లేచి నా భుజం పట్టుకుని నడిచారు. తలుపు దగ్గర నన్ను ఆపేశారు. ఆయన ఒక్కరే లోపలికి వెళ్ళారు, ముందు గాలిలో చెయ్యి చాచి.

నా కన్ను చూస్తున్నప్పుడు కూడా నాకంత భయం వేయలేదు. మూసిన తలుపు ముందు నిలబడి లోపలి మాటలు వినాలని ప్రయత్నించాను, ఏమీ వినిపించలేదు. వరండాలో అటువైపు ఒక ముసలాయన అన్నం తింటున్నాడు. తలుపు తీశాక డాక్టరు మొహం చూడకుండా ఆయన చెప్పులు చూశాను.

"పైన ఒకచోట పొర పలచబడింది. చిరగలేదు. చిరగకముందే కాల్చేద్దాం," అన్నాడు డాక్టరు.

అలాగే చేశారు. ఆ కన్ను నాన్న రిటైరయ్యేదాకా, ఆ తరవాతా పనిచేసింది. నా పరిశీలన ఆ ఏడాది చివర పూర్తయింది. గీతలూ చుక్కలూ ఉన్న బొమ్మను దీదీ బోర్లించలేదు, తన గది గోడకి అంటించుకుంది. నేను చాలా ఏళ్ళు మైక్రోస్కోపు ముందే బతికాను. మొదటిసారి కన్ను ఆనించే ముందు గుండె ఒకసారి ఆగడం మాత్రం మానలేదు. ఆనించగానే చెయ్యి దానంతటదే బల్లను తిప్పుతుంది. ఏవి తిరుగుతున్నాయో ఏవి తిరగడం లేదో చూసుకున్నాకే రాయి సంగతి.

ఆ రోజు మాత్రం చికిత్స అయ్యాక నాన్న బయటికి వచ్చి, వెలుతురుకి కన్ను మూసుకుని, గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"టీ తాగుదామేటి?" అన్నారు.

ఆసుపత్రి గేటు బయట మట్టి ముంతల్లో టీ తీసుకున్నాం. ఆయనకి ముంత కనబడటం లేదు. ఆయన రెండు చేతులూ పట్టి ముంతను వాటిలో పెట్టాను.